మేడ మీది మిరపకాయలు మహా సూపర్

అపార్టుమెంటుకు లిఫ్టు లేకపోయినా సర్దుకుపోవచ్చు. జెనరేటర్ లేకపోయినా విసనకర్రతో బతకొచ్చు. కానీ మేడ మీద మిరపకాయలు పెంచి ఇంటింటికీ పంచే పిచ్చిమనిషి ఒకడు మాత్రం ఉండి తీరాలి. నవ్వకండి. అలాంటి మనిషి ఉన్నచోట కోతులు రెండోసారి రావు. మధ్యాహ్నం వచ్చిన చుట్టాలు రాత్రి భోజనానికి ఆగరు. నాలుగో అంతస్తులో తాలింపు పడితే రెండో అంతస్తులో వారం నాటి ముక్కు దిబ్బడ వదిలిపోతుంది. ఏ ఫ్యామిలీ డాక్టర్ చేస్తాడు ఇంత సేవ, అదీ అపాయింట్‌మెంట్ లేకుండా?

మరి అంత మేలు చేసే మనిషిని మనం ఎలా చూసుకుంటున్నాం? ఎల్బీనగర్‌లో ఉండే బిక్షపతికి ఏం జరిగిందో వింటే మీకే తెలుస్తుంది.

బిక్షపతి పుట్టింది పోచంపల్లి మగ్గాల మధ్య. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో భావనారుషి మ్యాచింగ్ సెంటర్ అతనిదే. చీర కొంగు కౌంటర్ మీద పెడితే చాలు, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచి సరిపోయే జాకెట్టు గుడ్డ లాగుతాడు. ఈ లోకంలో అతనికి ఇష్టమైనవి రెండే. ఒకటి రంగు, రెండోది కారం. అందులో రెండోదాన్ని డాక్టర్ లాగేసుకున్నాడు. కడుపులో పుండు పడింది, నేను చెప్పేదాకా మిరపకాయ మొహం చూడొద్దు అన్నాడు. ఆ రోజు నుంచి అతని భార్య సుచిత్ర కారం డబ్బాను అటక ఎక్కించింది. కంచంలోకి సొరకాయ వచ్చింది, బీరకాయ వచ్చింది, పోపు కూడా సరిగా పడని పెసరపప్పు వచ్చింది.

తినే యోగం లేనివాడు ఏం చేస్తాడు? పెంచుతాడు. బాటసింగారం పండ్ల మార్కెట్ నుంచి పాత ప్లాస్టిక్ ట్రేలు తెచ్చి మేడ మీద మట్టి నింపాడు. ముందు లవంగి మిరప వేశాడు. అది చిన్నపిల్లల ఆటలాగా అనిపించి ఆన్‌లైన్‌లో భూత్ జొలోకియా విత్తనాలు తెప్పించాడు. ఆ తర్వాత హబనేరో, ఆ తర్వాత కరోలినా రీపర్. ఈ చివరిదాన్ని కోసిన చేత్తో పొరపాటున కన్ను తుడుచుకుని ఒక పూటంతా షాపు తెరవలేకపోయాడు. అయినా కోపం రాలేదు. ఇంత కాయలో అంత మంట దాచిందంటే గొప్పదేనని మురిసిపోయాడు. ఆకుముడత వస్తే పులిసిన మజ్జిగ చల్లేవాడు. హబనేరో పండితే వెలుతురుకు పట్టి, "కనకాంబరం రంగు, దీని మీదికి చిలకపచ్చ అంచు పడాలె" అనుకునేవాడు. నాదర్‌గుల్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి లేచిన ట్రైనింగ్ విమానం తలమీద తిరుగుతుంటే, అందులో పైలట్ పని నేర్చుకునే పిల్లలు తన ఎర్రని ట్రేలు చూసే మలుపు తిప్పుకుంటున్నారని అతని నమ్మకం.

కాయలు షాపు కవర్లలో వేసి ప్రతి ఫ్లాటుకూ తనే తీసుకెళ్ళి ఇచ్చేవాడు. పైసా అడిగేవాడు కాదు. ఒకటే షరతు, తిని ఎలా ఉన్నాయో చెప్పాలి. తన నాలుక సెలవులో ఉంది కాబట్టి ఇరుగుపొరుగు నాలుకలను కిరాయికి తీసుకున్నాడన్నమాట.

అసోసియేషన్ ప్రెసిడెంటు సాంబమూర్తి గారిది తెనాలి దగ్గర ఊరు. ఆయన ఒకరోజు లిఫ్టులో దొరికారు.

"ఎట్లున్నయి సార్ మొన్నటి కాయలు?"

"అద్భుతమండీ. మా ఆవిడ సూర్యప్రభ పచ్చడి చేసింది."

"మంట ఎక్కడ షురువైతది? నాలుక కొసకా, గొంతులనా?"

సాంబమూర్తి గారు మారుతున్న అంతస్తుల నంబర్ల వైపు చూశారు. "అంతటానండీ" అన్నారు.

మిగతావాళ్ళు వాట్సాప్ గ్రూపులో చెప్పేవారు. సూపర్ అంకుల్. సూపర్ సార్. ఏమీ రాయనివాళ్ళు పైకెత్తిన బొటనవేలు పెట్టేవారు. బిక్షపతి ఆ మెసేజీలన్నీ భోజనం దగ్గర సుచిత్రకు చదివి వినిపిస్తూ సొరకాయ కూర తినేవాడు. ఆమె "అట్లనా" అనేది, ఇంకో గరిటె వడ్డించేది. ఇలా ఏడాది గడిచింది.

ఒక ఆదివారం పొద్దున బిక్షపతి మేడ మీద నీళ్ళు పోస్తున్నాడు. కింద వాచ్‌మన్ తిరుపతి వెనక గోడ అవతల ఖాళీ ప్లాటులో పోగైన కానుగాకును ఊడ్చి, అడుగున ఏముందో చూడకుండా కుప్ప చేసి, అగ్గిపుల్ల గీశాడు. చెత్త ఆటో రాక చాలా రోజులైంది, అతను మాత్రం ఏం చేస్తాడు?

ముందు తిరుపతి దగ్గాడు. తర్వాత మొదటి అంతస్తు దగ్గింది. అక్కణ్ణుంచి దగ్గు మెట్లెక్కినట్టు ఒక్కొక్క అంతస్తే ఎక్కి మేడ దాకా వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు, ముక్కుల్లో నీళ్ళు, గొంతుల్లో నిప్పులు. ఇడ్లీ తింటున్నవాళ్ళు ఇడ్లీతో, తలకు రంగు వేసుకుంటున్నవాళ్ళు సగం రంగుతో రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చారు. మన ఇళ్ళల్లో దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేస్తే, ఘాటు రాకపోతేనే దిష్టి తగిలినట్టు లెక్క. ఆ లెక్కన ఆ బిల్డింగుకు ఇంకో నూరేళ్ళ దాకా ఏ దిష్టీ లేదని ఆ పొద్దున తేలిపోయింది.

బిక్షపతి ముక్కుకు తువ్వాలు కట్టుకుని, బకెట్‌తో నీళ్ళు తీసుకుని మెట్లు దిగి వెనక ప్లాటులోకి పరుగెత్తాడు. తిరుపతి, అతను కలిసి మంట ఆర్పారు. పొగ తగ్గాక బిక్షపతి కుప్పను కర్రతో కదిలించి చూశాడు. సగం కాలిన కనకాంబరం రంగు, ముడుచుకుపోయిన ఎరుపు. ఇంకా కాలని కవర్లు బోలెడు. ప్రతి కవరు మీదా భావనారుషి మ్యాచింగ్ సెంటర్ అని అచ్చు. కొన్నింటికి అతను వేసిన ముడి అలాగే ఉంది. వాటిని విప్పి కూడా చూడలేదు. వంటింటి బాల్కనీల్లోంచి గోడ మీదుగా అటే విసిరేశారు.

అతను ముందుకొచ్చేసరికి అందరూ కళ్ళు తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు. సాంబమూర్తి గారు గొంతు సవరించుకున్నారు. "మేడ మీద ఆ మొక్కలు తీసేయించడం మంచిదేమోనండీ. పిల్లలున్నారు."

"సూపర్ అన్నరు గదా సార్" అన్నాడు బిక్షపతి.

"మర్యాదకి అన్నామండీ. ప్రేమగా ఇచ్చిన మనిషిని నొప్పించకూడదు కదా."

"అందుకే నొప్పించకుండ గోడ మీదికెంచి ఇసిరేసిన్రు."

అప్పుడు రెండో అంతస్తులో కిరాయికి ఉండే మహేందర్ తల్లి అండాలమ్మ ముందుకొచ్చింది. నల్లగొండ పల్లె నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న మనిషి. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"బిడ్డా, నేను గూడ పారేసిన. ఒక్కటంటే ఒక్క కాయ పప్పులేస్తే గిన్నెడు పప్పు పారబోసినం. నీకు చెప్పాల్సుండె. మొకమాటానికి చెప్పలే." తర్వాత సాంబమూర్తి గారి వైపు తిరిగింది. "మొక్కలెందుకు తీస్తరయ్యా? అవేమన్న అబద్ధమాడినయా?"

అదుగో, అంత పొగలో ఆ పొద్దున వినబడిన మొదటి నిజం అది. జనం ఎవరి ఫ్లాటుకు వాళ్ళు వెళ్ళిపోయారు.

బిక్షపతి ఆ రోజు షాపుకు పోలేదు. మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నాడు. ఇంత మోసమా, ఇంతమంది ఏడాది పాటు మొహం మీద నవ్వుతూ అబద్ధం చెప్పారే అని అన్నం కలిపినంతసేపూ కుమిలిపోయాడు.

"కూర ఎట్లుంది?" అంది సుచిత్ర.

"మంచిగుంది."

"సరిగ చూసి చెప్పు."

"మంచిగనే ఉంది."

"ఉప్పెయ్యలే" అంది ఆమె. "గా పొగల మర్చిపోయిన."

బిక్షపతి కంచంలోకి చూశాడు.

"ఏడాది సంది ఏం పెట్టినా మంచిగుందనే అంటున్నవ్. వాళ్ళు గోడ అవతలికి ఇసిరేసిన్రు, నువ్వు గొంతులకు ఇసిరేస్తున్నవ్. గంతే ఫరక్."

అతను కంచం పక్కకు జరిపాడు. "చప్పగుంది సుచిత్రా. ఏడాది సంది చప్పగనే ఉంది."

"నాకు మాత్రం కమ్మగుంటదా? నేను తింటున్నది గదే."

అప్పుడు గానీ అతని బుర్రకు తట్టలేదు. ఇంట్లో రెండో కూర ఏనాడూ వండలేదు. పుండు పడింది అతని కడుపులో, కారం మానేసింది ఇద్దరూ. బిల్డింగులో ఉన్న ప్రతి నాలుకనూ లిఫ్టులో ఆపి మరీ అడిగిన మనిషి, రోజూ ఎదురుగా కూర్చునే నాలుకను ఒక్కసారీ అడగలేదు.

"ఎందుకు చెప్పలే?" అన్నాడు.

"నువ్వు బాధపడ్తవని."

మర్నాడు సుచిత్ర అతన్ని వెంటబెట్టుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. కనీసం మిరియాలన్నా వేసుకోవచ్చా అని అడుగుదామని. డాక్టర్ పరీక్ష చేసి, రిపోర్టు చూసి, కళ్ళజోడు తీశాడు.

"పుండు మానిపోయింది. ఎప్పుడో మానిపోయి ఉంటుంది. మందులు అయిపోగానే రమ్మన్నాను కదా, రాలేదేం?"

బిక్షపతి చేతిలోని మందుల చీటీ తిరగేశాడు.

"మా వాళ్ళు ఫోన్ కూడా చేసి ఉంటారే" అంటూ డాక్టర్ తలుపు దగ్గర కూర్చున్న అమ్మాయిని అడిగాడు. ఆ అమ్మాయి కంప్యూటర్‌లో వెతికింది.

"చేసినం సార్. ఎట్లున్నరంటే సూపర్‌గున్న అన్నరు."

సుచిత్ర భర్త వైపు చూడలేదు. గోడకున్న క్యాలెండర్ వైపు చూస్తూ నవ్వు ఆపుకుంది.

ఇప్పుడు చెప్పండి. మిరపకాయలది తప్పా? నోట్లో పెడితే మంట, నిప్పులో పెడితే ఘాటు, ఎవరి మొహమాటానికీ తీపి కాలేదవి. ఏడాది పాటు ఆ బిల్డింగులో ఉన్నదున్నట్టు మాట్లాడినవి అవొక్కటే. మనకేమో పెళ్ళిభోజనం సూపర్, పక్కింటి పిల్లవాడి పాట సూపర్, ఒంట్లో ఎలా ఉందంటే సూపర్. ఆ ఒక్క మాట కింద ఎన్ని కవర్లు ముడి విప్పకుండా పడి ఉన్నాయో ఎవరికి తెలుసు? కాబట్టి మీ మేడ మీద మిరప పిచ్చివాడు లేకపోతే వెంటనే ఒకణ్ణి వెతికి పెట్టుకోండి. ఉన్నవాణ్ణి పోగొట్టుకోకండి.

బిక్షపతి ఒక రీపర్ మొక్కను ముచ్చటకు ఉంచుకుని, మిగతా ట్రేలలో మామూలు నాటు మిరప వేశాడు. అండాలమ్మ మేడెక్కి తనే కోసుకుపోతుంది. మొన్నటివి ముదిరినయి, ఇప్పటివి లేతగున్నయి అని మొహం మీదే చెప్పిపోతుంది. సాంబమూర్తి గారు కూడా ఒకరోజు సంకోచిస్తూ, "ఇవి మా ఇంట్లో కొంచెం కారం చాలట్లేదండీ" అన్నారు. బిక్షపతి ఆయన చెయ్యి పట్టుకుని టీ తాగించాడు.

వాళ్ళందరికన్నా ముందు, మొదటి కాత చేతికొచ్చిన రోజు సుచిత్ర నాలుగు కాయలు మంట మీద కాల్చి, చింతపండు పులుసులో పిసికి, ఉల్లిపాయ ముక్కలు వేసి పచ్చిపులుసు చేసింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అతను మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ముక్కు ఎగబీల్చాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎట్లుంది?" అంది ఆమె.

"ఆగు" అన్నాడు బిక్షపతి. "ఇంకో ముద్ద తిననీ."