మంత్రిగారి సహజ ముఖం

ఇకపై ప్రతి ప్రభుత్వ కార్యాలయంలోనూ మంత్రిగారు ప్రజల కళ్ళలోకి సూటిగా చూస్తారని సోమవారం ఉదయం ప్రకటన వెలువడింది. స్వయంగా వచ్చి చూడడానికి ఆయనకు తీరిక ఉండదు కనుక గోడమీది ఫోటోలోంచి చూస్తారు. ఇంత ఉదారమైన ఆలోచన గతంలో ఏ మంత్రికీ తట్టలేదని పత్రికలు రాశాయి.

ఆ ఫోటో తీసే భాగ్యం శాఖ ఫోటోగ్రాఫరుకు దక్కింది. పదకొండేళ్ళుగా అతను టెంపరరీ. పెళ్ళినాడు అడిగిన ప్రశ్ననే మామగారు ఇప్పటికీ అడుగుతుంటారు: "అల్లుడుగారూ, ఉద్యోగం ఖాయమైందా?" ఈసారి సాక్షాత్తూ మంత్రిగారే మాట ఇచ్చారు.

"ఫోటో బాగా వచ్చిందంటే నీ ఫైలు మీద ఇవాళే సంతకం."

ఫోటోగ్రాఫరు మంత్రిగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. భుజాలు కాస్త పక్కకు తిప్పించాడు. నుదుటిమీద మెరుపు తగ్గేలా పౌడరు అద్దాడు. గడ్డం ఒక్క అంగుళం ముందుకు తెమ్మన్నాడు. గడ్డం వచ్చింది. దానితోపాటు రెండు చేతులూ వచ్చాయి.

"చేతులు ఒళ్ళో పెట్టుకోండి సార్."

"ఏమిటోనయ్యా, కెమెరా కనబడితే చాలు, ఎవరికో ఏదో ఇచ్చెయ్యాలనిపిస్తుంది."

ఆ దాతృత్వానికి పి.ఏ. కళ్ళు చెమర్చాయి. చెమర్చిన కళ్ళతోనే వచ్చి, మంత్రిగారు ఇవ్వబోయేదాన్ని అందుకోవడానికి ఫ్రేములో నిలబడ్డాడు. అలవాటు.

"మీరు బయటికి రావాలండీ. ఇది ఒక్కరి ఫోటో."

"ఒక్కడిదా?" మంత్రిగారు గాభరా పడ్డారు. "ఒక్కణ్ణీ ఏం చేస్తూ ఉండాలి?"

"ఏమీ చెయ్యక్కర్లేదు సార్. సహజంగా ఉండండి, చాలు."

"ఏ సహజం కావాలి? పరామర్శదా, ప్రారంభోత్సవందా?"

మంత్రిగారు రెండూ చూపించారు. రెండూ గొప్పగా ఉన్నాయి. ఫోటోగ్రాఫరు లెన్సులోంచి చూస్తూ ఉండిపోయాడు. ఒక ముఖం తొలగితే దాని వెనక ఇంకొకటి సిద్ధంగా ఉంటోంది. అన్నీ అయిపోయాక ఏముంటుందో చూడాలన్న కుతూహలం, చూడకూడదేమోనన్న బెదురు అతనికి ఒకేసారి కలిగాయి. పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసిన తన ముఖం మాటేమిటని ఆలోచించబోయి, ఫైలు గుర్తొచ్చి మానేశాడు.

"మీకు బాగా ఇష్టమైనవాళ్ళను తలుచుకోండి సార్."

మంత్రిగారు కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు మూసుకున్నారు. చివరికి ఒక కన్ను తెరిచి పి.ఏ.ని అడిగారు.

"నాకెవరంటే ఇష్టమయ్యా?"

"ప్రజలు సార్."

"అది తెలుసులే. మనుషుల్లో?"

పి.ఏ. డైరీ తిరగేస్తుండగా ఫోను మోగింది. విన్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"సార్, రికార్డు రూము కాలిపోయిందట. మనుషులకేమీ కాలేదట."

"మనమీద వేసిన విచారణ... ఆ కాగితాలు?"

"అవే ముందు అంటుకున్నాయట సార్."

"అన్నీనా?"

"ఒక్క ముక్క మిగల్లేదట."

మంత్రిగారి భుజాలు మెల్లగా దిగాయి. చేతులు ఒళ్ళో బుద్ధిగా కూర్చున్నాయి. నుదుటి ముడి విడిపోయింది. నిద్రలేచి అమ్మను చూసిన పసివాడి వెలుగు ఆ కళ్ళలోకి వచ్చింది. ఆ కళ్ళు సూటిగా లెన్సులోకి చూశాయి. ఫోటోగ్రాఫరు క్లిక్ మనిపించాడు.

ముగ్గురూ కెమెరా మీదికి వంగారు.

"ఎంత నిజాయితీ సార్!" అన్నాడు పి.ఏ.

ఫోటోగ్రాఫరు కాదనలేకపోయాడు. ఇన్నేళ్ళలో ఇంత నిజమైన ముఖం అతనికి దొరకలేదు.

"మాటంటే మాటే. ఇతని ఫైలు తెప్పించు."

పి.ఏ. నీళ్ళు నమిలాడు. "అదీ ఆ రూములోనే ఉండేది సార్."

"అయ్యో! కొత్తది తయారుచెయ్యవయ్యా."

"ఈయన ఇక్కడ పనిచేస్తున్నట్టు రుజువుండాలి కద సార్. ఆ రుజువులూ అందులోనే."

"నేను ఇక్కడే ఉన్నాను కదండీ!" అన్నాడు ఫోటోగ్రాఫరు, కెమెరా ఎత్తి చూపిస్తూ.

"ఉన్నారు. నేను కాదన్నానా?" పి.ఏ. ఎంతో సానుభూతితో అతని భుజం తట్టాడు. "రికార్డు ప్రకారం లేరు, అంతే."

"మరి ఈ ఫోటో ఎవరు తీసినట్టు?" అన్నారు మంత్రిగారు.

"రికార్డు ప్రకారం ఎవరూ తియ్యలేదు సార్."

మంత్రిగారు కెమెరా అందుకుని, చేయి చాచి దూరంగా పట్టుకుని, తల పక్కకు వాల్చి తన ముఖాన్ని చాలాసేపు చూసుకున్నారు.

"అందుకేనయ్యా," అన్నారు తృప్తిగా, "ఇంత సహజంగా వచ్చింది."