పారిపోని డ్రైవరు

మోటారు ప్రమాదం జరగగానే డ్రైవరు పారిపోవడం, మా తాలూకాకు బస్సులు వచ్చిన నాటి నుంచి నిర్విఘ్నంగా సాగుతున్న సదాచారం. డ్రైవరు దూకి పరిగెత్తాలి. ఊరు వెంటపడాలి. వేరుశెనగ చేలు దాటాక అతను దొరకడు. మేము ఆయాసపడుతూ, న్యాయం చేసిన తృప్తితో తిరిగి వస్తాం. దెబ్బ తగిలినవాళ్ళ సంగతి ఆ తర్వాత చూస్తాం.

యుద్ధం రోజుల్లో, పెట్రోలు కరువై బస్సులు బొగ్గుతో నడుస్తున్నప్పుడు, మునిరామయ్య అనే డ్రైవరు ఈ ఆచారానికి భంగం కలిగించాడు. పాకాల నుంచి చిత్తూరు పోతున్న అతని బస్సు, తాడు తెంపుకున్న దూడ వెంట రోడ్డుకు అడ్డంగా పరిగెత్తిన తాయమ్మను మా ఊరి మలుపులో గుద్దేసింది. తొడ చీరుకుపోయి నెత్తురు కారుతోంది. మునిరామయ్య దిగి, తన తలపాగా విప్పి ఆమెకు కట్టు కట్టాడు.

మేము నలభైమందిమి అప్పటికే పంచెలు ఎగగట్టి సిద్ధంగా ఉన్నాం. అతను కదలడే!

"కొట్టేది తర్వాత కొడుదురుగానీ, ముందు ఈయమ్మను బస్సెక్కించండప్పా. ఆస్పత్రి ఆరు మైళ్ళే ఉండాది" అన్నాడు.

మా ఊరి పెద్ద రాజారత్నంగారు బస్సు మెట్టెక్కి ఉపన్యసించారు. "సోదరులారా! తప్పు చేసి పారిపోయినోళ్ళను శానామందిని సూసినాం. వీడు నిలబడినాడు! మనమంటే వీడికి ఎంత లెక్కలేదో సూడండి!"

తర్కం గట్టిది. కొట్టాం. తోపులాట లేకుండా, పెద్దలకు ముందు అవకాశమిచ్చి మరీ కొట్టాం. అతని కుడిచెయ్యి విరిగాక, ఊళ్ళో ఇంకెవరికీ బస్సు నడపడం రాదని ఎవరికో గుర్తొచ్చింది.

తాయమ్మను చిన్నబ్బ ఎద్దుల బండిలో పడుకోబెట్టాం. నాలుగో మైలు దాకా మంచినీళ్ళు అడిగిందట. ఆ తర్వాత అడగలేదట. చిన్నబ్బ వచ్చి ఆ మాట చెబితే నాకు సిగ్గేసింది.

పోలీసులు వచ్చేసరికి ప్రమాద స్థలంలో మునిరామయ్య ఒక్కడే ఉన్నాడు. లేవలేకపోయాడు మరి. నలభైమందిమీ వేరుశెనగ చేలు దాటేశాం. ఇన్నేళ్ళ అభ్యాసం ఊరికే పోలేదు.

తాయమ్మ సంతాప సభలో, డ్రైవర్లకు మానవత్వం నేర్పించవలసిందిగా సర్కారువారిని కోరుతూ ఏకగ్రీవంగా తీర్మానించాం.

మునిరామయ్యను కొట్టిందెవరని ఇన్‌స్పెక్టరు నన్నూ అడిగాడు. ఆ పూట తిరుపతిలో ఉన్నానని చెప్పాను, వాచిన చెయ్యి కండువా కింద దాచుకుని.