బాయిలర్ కొనకుండా ఉండే కళ

చుట్టాలంతా కలిసిమెలిసి ఉండాలంటే ఏం చేయాలి? ఇంట్లో బాయిలర్ పాడవ్వాలి! కొత్తది ఏది కొనాలో మాత్రం ఎప్పటికీ తేల్చుకోకూడదు. అనుభవం మీద చెబుతున్నాను, రాసిపెట్టుకోండి.

మా గాంగ్వన్ కొండల్లో నేల కింద వేడినీళ్ళ గొట్టాలు లేని ఇల్లు ఇల్లే కాదు. తినేదీ పడుకునేదీ ఆ నేల మీదే. గొట్టాలకూ కుళాయికీ కలిపి ఒకటే బాయిలర్. మా కిరసనాయిలు బాయిలర్ అక్టోబరులో ప్రాణం విడిచింది. అంతవరకు పండక్కి తప్ప మొహం చూపించని చుట్టాలు ఇప్పుడు ప్రతి ఆదివారం సలహాలతో వస్తున్నారు. అది బతికుంటే వచ్చేవారా?

మా బావమరిది దోగ్యున్‌ది హీట్ పంప్ పార్టీ. "బావా, చలిగాలిలోంచే వేడి పిండుతుంది!" అంటాడు. అందులో అంత వేడుంటే మనమెందుకు వణుకుతున్నాంరా అంటే, సైన్సు తెలియనివాళ్ళతో మాట్లాడనంటాడు. నాది గ్యాస్ పార్టీ. మా ఊరికి గ్యాస్ పైపు ఇంకా రాలేదు, నిజమే. ఎనిమిదేళ్ళుగా 'వచ్చే ఏడు' వస్తోంది. మనిషికి ఆ మాత్రం నమ్మకం ఉండొద్దూ?

ఎనభై నాలుగేళ్ళ మా పెదనాన్నది కట్టెల పొయ్యి పార్టీ. ఆయన వాదనకు తిరుగే లేదు.

"పొయ్యి పక్క చోటే వెచ్చగా ఉండేది, అక్కడ పెద్దోడు కూర్చునేవాడు. మీ బాయిలరొచ్చి నేలంతా ఒక్కలా కాచిపారేసింది. ఇంక ఇంట్లో పెద్దెవడో చిన్నెవడో ఎట్లా తెలుస్తుందిరా?"

అసలు తొందరేమిటంటే, మా అమ్మాయి దాల్లేకి జనవరిలో పురుడు. మా వైపు బాలింత ఇరవై ఒక్క రోజులు చెమటలు పట్టేలా కాగిన నేల మీద పడుకోవాలి, సముద్రపు నాచు పులుసు తాగాలి. అప్పుడు చలి తగిలిందా, కీళ్ళ నొప్పులు జన్మంతా వదలవంటారు. ఇంత ముఖ్యమైన సంగతి హడావిడిగా తేల్చేస్తామా? అందుకే నవంబరంతా, డిసెంబరంతా చర్చించాం.

కోట్లు, టోపీలు తగిలించుకుని, దుప్పట్లు కప్పుకుని మరీ చర్చించాం. మాకు బార్లీ టీ అందిస్తూ, ఆ కప్పులన్నీ చన్నీళ్ళలో కడిగి మా ఆవిడ ఓక్‌జిన్ చేతులు పగిలిపోయాయి. "ఏదో ఒకటి తేల్చి చావండయ్యా!" అందొకసారి. "నీకీ లెక్కలు అర్థం కావే అక్కా," అని దోగ్యున్ ఓపిగ్గా చెప్పాడు.

దాల్లే పది రోజులు ముందే ఆడపిల్లను కన్నది. మూడో రోజు పొద్దున్నే, సాయంత్రానికి ఇంటికి పంపిస్తామన్నారు ఆసుపత్రివాళ్ళు. వెంటనే పెదనాన్న అధ్యక్షతన అత్యవసర సమావేశం పెట్టాం. మాట మీద మాట పెరుగుతుండగా పెరట్లో ఏదో చప్పుడైంది. వెళ్ళి చూస్తే ఒక మేస్త్రీ కొత్త కిరసనాయిలు బాయిలర్ దించుతున్నాడు. పిలిపించింది ఓక్‌జిన్! మధ్యాహ్నం భోజనాల లోపే బిగించేశాడు. సాయంత్రానికి తల్లీబిడ్డలు వెచ్చటి నేల మీద నిద్రపోతున్నారు. పెదనాన్న అలిగి వెళ్ళిపోయాడు.

మేస్త్రీ వెళ్ళే ముందు నేను గంభీరంగా అడిగాను, "ఏయే వివరాలు చూసుకుని ఇదే కావాలంది మా ఆవిడ?"

"వివరాలేం అడగలేదండీ. రేపు పొద్దున్నే పసిదానికి నీళ్ళు పోయాలి, ఈలోగా ఏది పెట్టగలవయ్యా అంది."

మూడు నెలల్లో ఆ ప్రశ్న మా మగాళ్ళలో ఒక్కడికీ తోచలేదు. తోచేదే, ఎవడైనా ఒక్కపూట ఆ కప్పులు కడిగి ఉంటే.