టేప్‌రికార్డరుకు బొట్టు

ఆ రోజు పొద్దున అంగన్‌వాడీ టీచర్ నాగేశ్వరి వేసుకున్న ప్లాను చిన్నదే. మందుల ఫ్యాక్టరీ వాళ్లు దానమిచ్చిన టేప్‌రికార్డరులో చిలుక పాట పెట్టాలి, సూపర్‌వైజర్ ఇందిరమ్మ ముందు పిల్లలతో ఆడించాలి. పిల్లలు దాని మాట వింటే డబ్బా ఈ ఊళ్లోనే ఉంటుంది, వినకుంటే జిన్నారం అంగన్‌వాడీకి పోతుంది. ఏళ్ల తరబడి పాడి గొంతు అరగదీసుకున్న నాగేశ్వరికి ఆ డబ్బా మీద ప్రాణమంతా ఉంది.

ఆమె ఇందిరమ్మ కోసం బస్సు దగ్గరికి పోయింది. కొత్త డబ్బాకు బొట్టు పెట్టలేదని అప్పుడే ఆయా మొగులమ్మకు గుర్తొచ్చింది. కుంకుమను నూనెలో కలిపి ఒక్కో బొత్తానికీ గట్టిగా అద్దింది. రికార్డు బొత్తాం లోపలికి పోయింది. ఆమె అదేమీ చూడకుండా పిల్లల్ని అదిలించి, ఇంకా వండని అన్నం ఆశ చూపి లోపలికి పిలిచే పనిలో పడింది. నాగేశ్వరి తిరిగొచ్చేలోపు పాటలు చెరిగిపోయి, టేపు నిండా మొగులమ్మ గొంతే చేరింది.

నాగేశ్వరి వచ్చి, బొట్లు చూసి ముచ్చటపడి, టేపు మొదటికి తిప్పింది. మొగులమ్మ బయట పొయ్యి దగ్గర ఉంది.

"ఇప్పుడు చిలుక పాట, మేడం!"

"ఓ పోరగాండ్లు! లైన్ల నిలవడుండ్రి!" అంది డబ్బా.

పిల్లలంతా నిలబడ్డారు. "ముక్కులు తుడ్సుకోండ్రి!" తుడుచుకున్నారు. నాగేశ్వరి మొగులమ్మ గొంతును గుర్తుపట్టింది. ఆపబోతే నూనెకు వేలు జారింది. ప్లగ్గు పీకబోయింది.

"ఉండనియ్యి నాగేశ్వరీ, మంచిగ నడుస్తున్నది!" అంది ఇందిరమ్మ.

"చెప్పులు బయట ఇడువకుంటే కాళ్లిరగ్గొడ్త!"

ఇందిరమ్మ తన కాళ్లవైపు చూసుకుని, మెల్లగా లేచి, చెప్పులు గడప బయట విడిచి వచ్చింది.

"అన్నమైంది, గిన్నెలు పట్టుకొని రాండ్రి!"

పిల్లలు గిన్నెల మీద పడ్డారు. వీధిలోని బాలింతలు కూడా విని గిన్నెలతో వచ్చి వరసలో నిలబడ్డారు. పొయ్యి మీద ఎసరే కాగలేదు.

నాగేశ్వరి కళ్లు మూసుకుంది. ఇక డబ్బా పోయినట్టే అనుకుంది.

"ఇంత చెప్పినట్టు వినే పిల్లల్ని నేను యాడ చూడలే," అంది ఇందిరమ్మ. "పాటలు కావు, పద్ధతులే నేర్పుతున్నది! ఈ డబ్బా, క్యాసెట్ రెండూ జిన్నారం తీస్కపోత. అక్కడి పిల్లలకు బుద్ధి రావాలె."

"మేడం, వింటే ఇక్కడే ఉంటదన్నరు గద!"

"మీ పిల్లలు నేర్చుకున్నరు. ఇంక నీకెందుకే?"

నాగేశ్వరికి ఏడుపొచ్చింది. నిజం చెబితే డబ్బా దక్కదు, చెప్పకపోయినా దక్కదు. చెబితే పాటలు చెరిపిన పాపం కూడా తనకే చుట్టుకుంటుంది. నోరు మూసుకుని ప్లగ్గు పీకింది.

పై అధికారుల ముందు మొగులమ్మ గొంతు గుసగుస దాటదు. గడప దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ ఆమెను చూసి ఇందిరమ్మ జాలిపడింది.

"మొగులమ్మా, జెర జిన్నారం పోయి ఈ క్యాసెట్ విని రా. పిల్లలతోటి ఎట్ల మాట్లాడాల్నో తెలుస్తది."