పేరమ్మ తిరుగు చదివింపులు

"న్యాయం పేదవాడి గుమ్మం దాకా నడిచి రావాలి! అది రానని మొరాయిస్తే మనమే చెయ్యి పట్టుకుని నడిపించుకు రావాలి!"

ఈ మహావాక్యాన్ని మా కోట పంచాయతీ ప్రెసిడెంటు పద్మనాభయ్య గారు సెలవిచ్చినప్పుడు సభలో చప్పట్లు కొట్టనివాణ్ణి నేనొక్కణ్ణే. నా చేతుల్లో మైకు ఉంది మరి!

నా పేరు హజరత్తయ్య. బస్సులు ఆగేచోట సోడా కొట్టు నాది. సోడాలమ్మి బతుకుతున్నానని నేననుకుంటాను గాని, ఊరు మాత్రం నన్ను ఒక గొంతు కింద జమకట్టింది. చుట్టుపక్కల పెళ్ళయినా, గృహప్రవేశమైనా, పిల్లకు చెవులు కుట్టించినా, చదివింపులు చదవాల్సింది నేనే. "ఫలానా వారు, ఫలానా వారికి, నూటపదహార్లు!" అని నేనొక్క అరుపు అరిస్తే ఆ నూటపదహార్లు వంటశాలలో ఉన్నవాళ్ళ చెవుల్లో కూడా గలగలలాడాలి. ఇచ్చినవాడి పరువంతా నా గొంతులో ఉంటుంది. అందుకని దాన్ని మిరియాల కషాయంతో కాపాడుకుంటాను. నా కొట్లో సోడా మాత్రం నేను తాగను.

చదివింపులకు కొన్ని మర్యాదలున్నాయి. చిన్నవాళ్ళు రూపాయో రెండో తెచ్చి నా ముందున్న పళ్ళెంలో వేస్తేగాని వాళ్ళ పేరు చదవను. పెద్దమనుషుల సంగతి వేరు. వాళ్ళు కుర్చీలో కూర్చునే అంకె చెబుతారు, నేను చదివేస్తాను, డబ్బు తర్వాత మనిషి చేత పంపిస్తారు. పెద్దమనిషి పేరు చదివి ఆ వెంటనే పళ్ళెం చాపడమంటే ఆయన మొహం మీదే ఆయన్ని నమ్మలేదని చెప్పడం. అంతటి అపచారం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. ఇక రెండో మర్యాద: ఎవరు మనకెంత చదివిస్తే వాళ్ళింటి వేడుకలో మనమూ అంత తిరిగి చదివించాలి. ఆ పని చెయ్యనివాడు బజారులో తలెత్తుకు తిరగలేడు.

ఆనాటి సభ పోలేరయ్య కోసం పెట్టింది. పోలేరయ్య సముద్రం ఒడ్డున పాలెంలో పేరమ్మ కొడుకు. వాడి తండ్రి చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. పేరమ్మ ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మి కొడుకును బి.ఏ. దాకా లాక్కొచ్చింది. ఇప్పుడు వాడికి పట్నంలో లా కాలేజీలో సీటొచ్చింది. పాలెంలో అంతవరకూ కోర్టు మెట్లెక్కినవాళ్ళందరూ పోలీసుల వెంట ఎక్కినవాళ్ళే. నల్లకోటు తొడుక్కుని ఎక్కబోయేది వీడే మొదలు.

మరి పెద్దమనుషులకెందుకు ఇంత దయ పుట్టుకొచ్చింది? పద్మనాభయ్య గారికీ, రైసుమిల్లు చెంచురామయ్య గారికీ ఒక పొలం గట్టు మీద గూడూరు కోర్టులో దావా నడుస్తోంది. ఆ గట్టు మీద మనిషి వెల్లకిలా పడుకుంటే చేతులు రెండూ చేలల్లో ఉంటాయి. ఆ గట్టు మీదే వకీళ్ళు మాత్రం మేడలు కట్టుకున్నారు. పాలెం కుర్రాడే వకీలైతే ఇక ఫీజు బాధ ఉండదు కదా అన్న పుణ్యాలోచన ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

సభలో పద్మనాభయ్య గారు నూటపదహార్లన్నారు. చదివాను. చెంచురామయ్య గారు మీసం సవరించుకుని రెండువందల పదహార్లన్నారు. చదివాను. అక్కణ్ణుంచి నాకు ఊపిరి తీసుకోవడానికి సందు దొరకలేదు. పద్మనాభయ్య గారు ఐదువందల పదహార్ల దగ్గర ఆయాసపడి ఆగారు. చెంచురామయ్య గారు ఆరువందల పదహార్లని కండువా దులిపి కూర్చున్నారు. వాళ్ళ వెనక కుర్చీల వాళ్ళు కూడా ఊరుకోలేక తలా ఒక నూటపదహార్లు విసిరారు. అన్నీ నోటితోనే సుమండీ! పళ్ళెంలో ఉన్నవల్లా నేను ముందుగా పెట్టుకున్న తమలపాకులూ వక్కలే.

పేరమ్మ పందిరి గుంజకు ఆనుకుని నిలబడి, నేను అంకె చదివినప్పుడల్లా కళ్ళు తుడుచుకుంది. ఆమెను చూసి ప్రతి అంకెనూ నేను ఇంకాస్త గట్టిగా చదివాను.

మర్నాడు పత్రికలో ఫొటో పడింది. "సాగరతీరాన పొంగిన ఔదార్యం" అని శీర్షిక. కింద దాతల పేర్లు, అంకెలతో సహా.

పొంగిన ఔదార్యాన్ని కుండలో పట్టుకుందామని పేరమ్మ బయల్దేరింది. ముందు ప్రెసిడెంటు గారింటికి పోయింది.

"ఎడగారు పంట కోతలు కానీ పేరమ్మా" అన్నారాయన.

"కాలేజీ తెరిచేది కోతలకు ముందే గదయ్యా?"

"చదువుకు తొందర పనికిరాదు. మా వాణ్ణి చూడు, ఒక్కో క్లాసు రెండేసి సంవత్సరాలు నిదానంగా చదివినాడు."

అక్కణ్ణుంచి రైసుమిల్లుకు పోయింది.

"నేనియ్యనంటానా? ముందు ఆ ప్రెసిడెంటును ఇయ్యమను. ఆయన కంటే ముందిస్తే నేనేదో పేరుకోసం ఆత్రపడినట్టుండదూ?" అన్నారు చెంచురామయ్య గారు.

ఆ మాట ప్రెసిడెంటు గారికి చెబితే ఆయన, "ఎక్కువ చదివించినోడు ముందియ్యాల! అది ధర్మం!" అన్నారు. పేరమ్మ ఈ ఇద్దరి ధర్మాల మధ్య నడిచి నడిచి చెప్పులు అరగదీసుకుంది. పొరపాటు, ఆమెకు చెప్పుల్లేవు.

చివరికి మొగుడు వదిలిపోయిన పెద్దవల, పడవలో తన వాటా నాయుడుపేటలో ఒక షావుకారు దగ్గర తాకట్టు పెట్టి మొదటి టెర్ము ఫీజు కట్టింది. వల లేదు గనక ఇంటికి చేప లేదు. పక్కవాళ్ళ చేప కొని ఎండబెట్టి అమ్ముకుంటూ వచ్చింది.

దసరా సెలవులకు పోలేరయ్య వచ్చి నా కొట్టు బల్ల మీద కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు.

"అన్నా, గవర్నమెంటు ఫీజు రాయితీ ఒకటుండాది. అది శాంక్షనయితే ఇప్పటిదాకా కట్టిన ఫీజు గూడా వాపసిస్తారంట. ఆ డబ్బుతో అమ్మ వల విడిపించొచ్చు. రాయితీ రాకపోతే సంక్రాంతి ముందే రెండో టెర్ము ఫీజు కట్టాల. ఇంక తాకట్టు పెట్టేదానికి అమ్మ దగ్గర ఏమీ లేదు. చదువు మానుకుని పాలెం వచ్చేస్తా."

"మరి దానికేం కావాలి?"

"సర్టిఫికెట్. ప్రెసిడెంటు గారు సంతకం పెట్టాల, తాసిల్దారు గారు ముద్ర వెయ్యాల."

కాగితం చూపించాడు. "సదరు విద్యార్థి కడు బీదవాడనియు, ఇతనికి మరే వ్యక్తి నుండియు ఎట్టి ధనసహాయమును అందుట లేదనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది" అని ఉంది. ఇంతకంటే సులువైన సంతకం ప్రపంచంలో ఉందా! వాణ్ణి వెంటబెట్టుకుని నేనే పోయాను.

పద్మనాభయ్య గారు కాగితం చదివి మండిపడ్డారు.

"ఏందిరా ఇది? ఎట్టి ధనసహాయమూ అందుట లేదా? నేను ఐదొందల పదహార్లు చదివించింది లోకమంతా ఎరుగును. పేపర్లో గూడా పడింది. ఇప్పుడు నా చేత్తో నేనే అందలేదని రాసిస్తే నా మాటకు విలువేముంటది?"

"అయ్యా, అది ఇంకా ముట్టలేదు గదా..." అన్నాడు పోలేరయ్య.

"ముట్టకపోతే ఇయ్యనట్టా? లా చదివే వాడివి, ఆ మాత్రం తెలీదా? పైగా అబద్ధపు సర్టిఫికెట్టు ఇస్తే నేరం. చట్టాన్ని నేను అతిక్రమించను!"

డబ్బూ ఇవ్వరు, ఇవ్వలేదనీ ఒప్పుకోరు! ఒళ్ళు మండిపోయింది నాకు. ఏమి లాభం? నా గొంతు చదవడానికే గాని పోట్లాడటానికి ఎవరూ పిలవరు. పోలేరయ్య కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని పాలెం దారి పట్టాడు.

కార్తీకమాసంలో ప్రెసిడెంటు గారు కొత్త మిద్దెకు గృహప్రవేశం పెట్టుకున్నారు. ఎడగారు కోతలు బాగా కలిసొచ్చినట్టున్నాయి. గూడూరు నుంచి తాసిల్దారు గారు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఆయన పక్కన కుర్చీ కోసం చెంచురామయ్య గారు పొద్దున్నే వచ్చి కాపలా కాశారు. దావా దావాయే, తాసిల్దారు తాసిల్దారే.

చదివింపులు సాగుతున్నాయి. అంతలో పేరమ్మ వచ్చింది, వెనక పోలేరయ్య. నెత్తిన తట్ట లేకుండా నేనామెను చూడటం అదే మొదలు.

"హజరత్తయ్యా, నా బిడ్డ సభకు ఈ అయ్య చదివించినాడు గదా. తిరిగి చదివించాల. చదువు" అంది.

"ఎంతమ్మా?"

"ఆయన ఎంత చదివించినాడో అంతే. తగ్గిస్తే పెద్దింటికి అవమానం గదా."

నేను పళ్ళెం వైపు చూశాను. ఆమె చూడలేదు. ఆమె మొహంలో కొంటెతనం ఉందా, నిజంగానే మర్యాద చెల్లించడానికి వచ్చిందా అన్నది నాకు ఈరోజుకీ తెలియదు. ఐదువందల పదహార్లు చదివించే మనిషి పెద్దమనిషి కాక మరేమిటని నా గొంతు నన్నడక్కుండానే తీర్మానించుకుంది.

"పాలెం పేరమ్మ గారు, ప్రెసిడెంటు పద్మనాభయ్య గారికి, తిరుగు చదివింపులు, ఐదువందల పదహార్లూ!"

వడ్డించేవాళ్ళు గరిటెలు ఎత్తినవి ఎత్తినట్టే పట్టుకున్నారు. పద్మనాభయ్య గారు లేచి నిలబడి, ఉన్న మర్యాదలన్నీ మరిచిపోయి చెయ్యి చాపారు.

"ఏదీ?"

"అదేందయ్యా!" అంది పేరమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని. "తమరి చేతిలోంచి మా ఇంటికి ఎట్టొచ్చిందో, మా ఇంట్లోంచి తమరి చేతికి అట్టే వచ్చింది గదా. దోవలో పైసా తగ్గలా."

పందిట్లో ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. తాసిల్దారు గారు ఇటు తిరిగారు.

"ప్రెసిడెంటు గారూ, అప్పట్లో పత్రికలో చూశాను. ఈ అబ్బాయి లా చదువుకు ఐదువందల పదహార్లు ఇచ్చింది మీరే కదూ?"

"ఆఁ, నేనే!"

"అయితే ఇది ముట్టినట్టేనా?"

ముట్టలేదంటే పేరమ్మ నోరు విప్పుతుంది. పద్మనాభయ్య గారు పేరమ్మను చూశారు, తాసిల్దారును చూశారు, ఆముదం తాగినవాడిలా గుటక వేశారు.

"ముట్టింది" అన్నారు.

చెంచురామయ్య గారు కుర్చీలోంచి ఎగిరి పడ్డారు.

"మరి నాదేదీ? ఆయనకు తిరిగిచ్చి నాకియ్యకపోతే, నేనసలు ఇయ్యనే లేదని జనం అనుకోరా?"

"ఒక్కరోజే అంతంత మొత్తాలంటే యాడ తెచ్చేదయ్యా? తమరిది కోతలు కానీండి" అంది పేరమ్మ.

"కోతలదాకా ఆగను! ఇప్పుడే ఇయ్యాల! ఈడే, ఈ పెద్దల ముందరే!"

"కానీయండి, అంత అవసరపడి అడుగుతుండారు. చదువు హజరత్తయ్యా."

ఆరువందల పదహార్లు చదివాను. "ముట్టింది! అణా పైసలతో ముట్టింది!" అని చెంచురామయ్య గారు ప్రెసిడెంటు గారి కంటే గట్టిగా అరిచారు. ఇంకేముంది, వెనక వరసల్లో ఉన్న నూటపదహార్ల వాళ్ళు ఒక్కొక్కరే లేచి, "నాకూ ముట్టింది", "నాకూ ముట్టిందబ్బా, నా పేరు మర్చిపోమాక" అని చేతులెత్తారు. ఎవరూ ఇవ్వని డబ్బు అందరికీ తిరిగి ముట్టిన ఆ శుభవేళలో బాజాలవాళ్ళు ఏమనుకున్నారో గాని గట్టిమేళం వాయించేశారు!

మేళం ఆగాక తాసిల్దారు గారన్నారు: "పాపం, ఈ అబ్బాయికి ఇప్పుడు ఎవరి సహాయమూ లేనట్టే కదా?"

పోలేరయ్య జేబులోంచి కాగితం తీసి ముందుకొచ్చాడు. అందరూ చూస్తున్నారు. పద్మనాభయ్య గారు సంతకం పెట్టారు. ఆయన ప్రెసిడెంటయ్యాక ధ్రువీకరించిన వాటిలో అంత పచ్చి నిజం ఇంకొకటి లేదని నా నమ్మకం. తాసిల్దారు గారు ముద్ర గూడూరులో వేసి పంపించారు. రాయితీ వచ్చింది, కట్టిన ఫీజు వాపసొచ్చింది, పేరమ్మ వల మళ్ళీ సముద్రంలో తడిసింది. ఆ కబురు విన్న రోజు నా కొట్లో సోడా నేనే ఒకటి కొట్టుకుని తాగాను.

మొన్న పద్మనాభయ్య గారు బస్సు కోసం నా కొట్టు ముందు నిలబడి, వెంటనున్న గూడూరు చుట్టంతో అంటున్నారు:

"ఆ పాలెం పిల్లోడి లా చదువుకు ఐదొందల పదహార్లిచ్చి ఆదుకున్నా. వాళ్ళమ్మ మానాభిమానాలు గల మనిషి, ఊరందరి ముందరా తిరిగిచ్చేసింది. నేను మాత్రం వడ్డీ పైసా పుచ్చుకోలా. పేదోళ్ళ దగ్గర వడ్డీ తీసుకునేదానికి మనసెట్టా ఒప్పుతుంది చెప్పు?"