కల్ అంటే ఎన్నడు?

తుంగభద్ర పొంగి జొన్నచేలల్ల చేపలు దొరికిన ఏడు మా ఊరికి రేడియో వచ్చింది. పొద్దుపొద్దున్నే హైదరాబాదు నుంచి ఉర్దూల మాట్లాడేది. ఎవరికీ ఒక్క ముక్క సమజ్ కాకపోయేది. అందుకే ఊరు బాగుపడ్డది! నవ్వకండి. అర్థంకాని రేడియో చేసిన మేలు అర్థమయ్యే మనిషి చేసిండా?

తెచ్చింది దశరథం పటేల్. ఆయనకూ ఉర్దూ రాదు. అంత పెద్ద పెట్టె కొన్నోడు రాదని ఎట్ల చెప్తడు? అరుగు మీద కూసుని, మీసం దువ్వుకుంట, "అచ్ఛా! అచ్ఛా!" అనేటోడు.

వాకిలి బయట నిలబడ్డ జనానికి తెలుగుల చెప్పే పని మాసయ్యకు పడ్డది. ఊర్ల డప్పు కొట్టి చాటింపు వేసేటోడు ఆయనే. పైగా చిన్నప్పుడు గద్వాలల ఒక టాంగా సాయెబు గుర్రానికి రెండు నెలలు గడ్డి వేసిండు. వచ్చిన ఉర్దూ మూడు మాటలు. పానీ అంటే నీళ్లు. ఆజ్ అంటే ఈ పొద్దు. కల్ అంటే రేపు. కల్ అంటే నిన్న గూడ!

ఆ మూడు మాటల మీద ఎనిమిదేండ్లు పొద్దుటి రేడియో నడిపిండు. చదువుకున్నోళ్లు ఎనిమిది దినాలన్న నడుపుతరా?

"కల్ పానీ అంటున్నది. రేపు వాన!" అనేటోడు. పడితే మాసయ్య దేవుడు. పడకపోతే? "నిన్న పడ్డదని చెప్పింది, అయిజ ఊరి అవతల. కల్ అంటే నిన్న గూడ గద!" ఎనిమిదేండ్లల ఒక్క అబద్ధం దొరకలేదు.

యుద్ధం వార్తల నడుమ ఊరి ముచ్చట్లు దూర్చేటోడు. "జర్మనోడు రెండు ఊళ్లు పట్టుకున్నడు. భీమమ్మ మేక ఈరన్న చేన్ల పడ్డది." భీమమ్మ నోటి మీద చెయ్యేసుకున్నది. "అయ్యో, నా మేక సంగతి హైదరాబాదు దాక పోయిందా!" ఆనాటి సంది ఆ మేక తాడు ఇప్పలేదు.

నీళ్ల ముచ్చట ఒక్కటే తెగలేదు. మాసయ్యోళ్ల వాడకు బావి లేదు. పటేల్ బావి ముట్టొద్దు. మాసయ్య పెండ్లాం సారమ్మ కుండ పట్టుకుని దూరం నిలబడాలె, ఊరోళ్లు ఎవరన్న తోడి పోసేదాక. ఎనిమిదో ఎండాకాలం ఒకనాడు పొద్దు నడినెత్తికొచ్చినా ఎవరూ పోయలేదు. ఖాళీ కుండ తెచ్చి మొగని ముందట పెట్టింది.

"మేక ముచ్చట చెప్పే పెట్టె, నా కుండ ముచ్చట చెప్పదా?"

మర్నాడు రేడియో ఏందో అన్నది. మాసయ్య గొంతు సవరించుకున్నడు.

"సర్కార్ హుకుం! కల్ పటేల్ బావిల ఎవరి నీళ్లు వాళ్లే తోడుకోవాలె!"

అందరూ పటేల్ దిక్కు చూసిండ్రు. అలవాటు ఊరుకుంటదా? "అచ్ఛా! అచ్ఛా!" అన్నడు. అన్నంక సమజైంది. కాదంటే ఉర్దూ రాదని బయటపడ్తది. ఔనంటే బావి పోతది. జరసేపు మీసం మీదనే చెయ్యి ఆగింది. తర్వాత నవ్విండు.

"నేనూ విన్న లేరా మాసిగా. కల్ అంటే నిన్న. నువ్వే గద నేర్పినవ్! ఆ హుకుం నిన్ననే ఐపోయింది."

మాసయ్య తిప్పిన మాటే మాసయ్య మెడకు చుట్టుకున్నది.

ఇప్పుడు రేడియో తెలుగులనే మాట్లాడుతది. సాఫ్‌గా సమజైతది. "రేపు నీళ్లొస్తయ్" అంటది. ఎన్నేండ్ల సంది అంటున్నదో! ఉర్దూ కల్‌కు రెండు అర్థాలన్న ఉండె. మన రేపుకు ఒక్కటన్న ఉన్నదా?

పటేల్ అట్లన్న తెల్లారి, రేడియో గొంతు విప్పకముందే మాసయ్య డప్పు తీసిండు. కొట్టుకుంట పటేల్ వాకిలి దాటిండు. ఆగలేదు. వెనక సారమ్మ, ఆమె వెనక వాడంత కుండలతోని. బావి గట్టెక్కి ఒక్క మాట చాటిండు.

"ఆజ్!"

అరుగు మీద పటేల్ ఆ మాటకు రెండో అర్థం ఎతుకుతనే ఉన్నడు. సారమ్మ బావిలకు చేద వదిలింది.