సంచుల బెంచీకి పట్టిన మహర్దశ

మనిషికి ఎక్కడ ఆనందం కలుగుతుందో ఆ మనిషికి తెలియదు. ఈ సత్యాన్ని పూర్వం చాలామంది జ్ఞానులు చూచాయగా చెప్పారు. కానీ దాని మీద ఒక సంఘం వేసి, సంఘానికి చల్లటి గది ఇచ్చి, గదికి అద్దాల తలుపు పెట్టి, తలుపు మీద ‘ఆకర్షణల స్థల నిర్ణయ సంఘం’ అని బంగారు రంగు అక్షరాలు అంటించిన ఘనత మాత్రం మా ఊరి చివర ఉన్న థీమ్ పార్కుకే దక్కింది.

కొత్త రైడు ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది ఆషామాషీ వ్యవహారం కాదు. ఒకప్పుడు ఈ పని ఛైర్మన్ గారి బావమరిది ఒక్కడే చూసుకునేవాడు. కారు దిగి, వేలు చూపించి, “ఇక్కడ” అనేవాడు. అక్కడ కట్టేవారు. (ఆ రోజుల్లో కట్టిన జారుడుబల్ల ఒకటి తిన్నగా జనరేటర్ గదిలోకి దిగుతుంది. దాన్ని ఇప్పుడు సాహస విభాగంలో చేర్చారు.) ఆ పద్ధతి అశాస్త్రీయమని పై నుంచి మాట రావడంతో శాస్త్రాన్ని ప్రవేశపెట్టారు. సంఘానికి అధ్యక్షుడు ఆ బావమరిదే. వేలు మాత్రం ఇప్పుడు గాల్లో చూపించకుండా కంప్యూటర్ తెర మీద పెడుతున్నాడు.

‘ఎప్పుడు’ అన్నదానికి నియమావళి స్పష్టంగా ఉంది. పక్క ఊరి పార్కువాళ్లు కొత్తది పెడితే మనం పెట్టాలి. పాతది చెడిపోతే దాన్ని బాగుచేయించకుండా పక్కన ఇంకొకటి కట్టాలి. ఎందుకంటే బాగుచేయించడానికి నాలుగు శాఖల సంతకాలు కావాలి, కొత్తది కట్టడానికి రిబ్బనూ కత్తెరా చాలు. ఇవి రెండూ లేకపోయినా ఛైర్మన్ గారు విదేశాల్లో సెలవులు గడిపి తిరిగొచ్చారంటే అది చాలు, ముహూర్తం కుదిరినట్టే.

‘ఎక్కడ’ అన్నదే అసలు శాస్త్రం. గేటు దగ్గర ప్రతి సందర్శకుడి చేతికీ ఒక రబ్బరు పట్టీ వేస్తారు. ఆ పట్టీ ఎక్కడెక్కడ తిరిగిందీ, ఎక్కడ ఎంతసేపు ఆగిందీ లోపల తెర మీద పడుతుంది. జనం ఎక్కువసేపు ఆగిన చోటు ఎర్రబడుతుంది. మనిషి ఎక్కడ ఎక్కువసేపు ఆగితే అక్కడ అతనికి అంత ఆనందం కలుగుతున్నట్టు. ఎక్కడ ఆనందం ఉందో అక్కడ రైడు కట్టాలి. (ఈ సూత్రం ప్రకారం ఊళ్లో అందరికన్నా ఆనందంగా ఉన్నవాళ్లు పెద్దాసుపత్రి వరండాలో దొరుకుతారు.)

ఈ శాస్త్రం మా మామగారి మీద ఎలా పనిచేసిందో చెప్పడానికే ఇదంతా.

మామగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా నిలబడే చేశారు కాబట్టి మోకాళ్లు ఆయన కన్నా ముందే రిటైరయ్యాయి. మా అత్తగారు పోయాక ఆయన మా దగ్గరికే వచ్చేశారు. వచ్చారన్న మాటే గానీ, నోట్లోంచి మాట ఊడిపడేది కాదు. అన్నం తింటారా అంటే “ఊ”. టీవీ పెట్టమంటారా అంటే “వద్దు”. ఈ రెండు మాటలతో ఆయన దాదాపు ఏడాది నెట్టుకొచ్చారు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకునేది. నాకు ఏం చెయ్యాలో తోచేది కాదు.

అలాంటి రోజుల్లో మా అమ్మాయి పోరు పడలేక పార్కుకు సీజన్ పాసు తీసుకున్నాం. శనివారం శనివారం వెళ్లేవాళ్లం. మేం రైడ్లు ఎక్కితే సంచులు ఎవరు చూస్తారు? మామగారు చూస్తారు. నీళ్ల కుళాయికి ఎదురుగా, పెద్ద చెట్టు నీడలో ఒక సిమెంటు బెంచీ ఉండేది. అక్కడ ఆయన్ని కూర్చోబెట్టి, చుట్టూ సంచులు పేర్చి వెళ్లేవాళ్లం. అప్పటికే అక్కడ ఇంకో రెండు కుటుంబాల సంచులు, వాటి మధ్యలో ఇద్దరు పెద్దవాళ్లు ఉండేవారు. ఒకాయన లారీ డ్రైవరుగా చేసిన తాత. ఇంకొకావిడ ఇల్లంతా కుట్టుమిషను మీదే నడిపిన బామ్మ. ఊళ్లో ఎవరు ఏ చొక్కా వేసుకుని నడిచినా దాని భుజం కుట్టు వంకర చెప్పేసేది.

రెండో శనివారమో మూడో శనివారమో మేం రోలర్ కోస్టర్ క్యూలో ఉండగా బెంచీ వైపు నుంచి పెద్దగా మాటలు వినిపించాయి.

“జీవితమంతా కూర్చుని సంపాదించావు నువ్వు. కాస్త జరుగు, నన్ను కూర్చోనీ!”

“మా డ్రైవర్లు కూర్చోబట్టే గదయ్యా మీ కండక్టర్లు ఊళ్లు చూశారు? స్టీరింగు నువ్వు పట్టుకుంటే తెలిసేది.”

“విజిల్ నేను వేస్తేనే కదా నీ బండి కదిలేది!”

“బండి నాది లారీ. దానికి విజిలెక్కడిది?”

“అందుకే నీకు క్రమశిక్షణ లేదు.”

అది మామగారి గొంతే. మా ఆవిడ క్యూ వదిలేసి రెయిలింగు పట్టుకుని అలాగే చూస్తూ నిలబడిపోయింది. మామగారు నవ్వుతున్నారు. ఆ రోజు ఆ బెంచీకి దండం పెట్టాలనిపించింది నాకు, పెట్టలేదు గానీ. ఆ తర్వాత ఆయన వారమంతా శనివారం కోసం ఎదురుచూసేవారు. పొద్దున్నే లేచి సంచులు ఆయనే సర్దేవారు. ఇంట్లో కూడా నాలుగు మాటలు మొదలయ్యాయి. వాటిలో మూడు నన్ను తిట్టేవే అయినా మేం సంతోషించాం.

సంఘం కూడా సంతోషించింది. ఎందుకంటే తెర మీద ఆ బెంచీ నిప్పుకణికలా ఎర్రబడింది. పార్కు మొత్తంలో ఇంతటి ఆనందం ఎక్కడా నమోదు కాలేదని లెక్క తేలింది. వెంటనే ట్యాబ్ పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. ఆమె హోదా అనుభూతి సహాయకురాలు.

“ఇక్కడ మీకు ఏం నచ్చింది తాతగారూ?”

“కూర్చోడం” అన్నారు మామగారు.

“ఇంకా బాగుండాలంటే మేం ఏం చెయ్యాలి?”

“నువ్వు కాస్త పక్కకి జరిగితే గాలొస్తుందమ్మా.”

ఆమె రెండూ రాసుకుంది. సందర్శకులు కూర్చోవాలని, గాలి రావాలని కోరుతున్నట్టు నివేదిక వెళ్లింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు సంఘం ఆ నివేదికను ఏకగ్రీవంగా ఆమోదించింది. నెల తిరక్కుండా చెట్టు కొట్టేశారు, బెంచీ పీకేశారు, ఆ చోట ఆకాశమంత స్తంభం లేపారు. స్తంభానికి చుట్టూ కుర్చీలు. మనిషిని కూర్చోబెట్టి పైకంటా తీసుకెళ్లి, అక్కడి నుంచి ఒక్కసారిగా వదిలేస్తారు. కూర్చోడమూ అయింది, గాలీ వచ్చింది. రైడు పేరు ‘విశ్రాంతి’. వృద్ధులు, మోకాళ్ల నొప్పులవాళ్లు, సంచులు ఉన్నవాళ్లు ఎక్కరాదని ముందే బోర్డు పెట్టారు. ఆ పక్కనే ‘బెంచీ ప్రేమికులకు అంకితం’ అని రాతిఫలకం కూడా వేయించారు. మర్యాదలో లోటు చేశారని ఎవరూ అనలేరు.

సంచులవాళ్లు ముగ్గురూ లేచి మరుగుదొడ్ల వెనక ఉన్న పిట్టగోడ మీదికి మారారు. మధ్యాహ్నం దాటాక అక్కడ కాస్త నీడ పడుతుంది. వాసన సంగతి అడిగితే డ్రైవర్ తాత, “చేపల లోడు తోలినోణ్ణి, ఇదో లెక్కా” అన్నాడు. బామ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కబుర్లు చెప్పేది. తెర మీద ఆ గోడ ఎర్రబడింది. సందర్శకులకు మరుగుదొడ్లంటే ఎనలేని మక్కువ ఉన్నట్టు సంఘం కనిపెట్టింది. ఇంత ప్రజాదరణ ఉన్న స్థలాన్ని మరుగుదొడ్లకు వదిలెయ్యడం అన్యాయమని, వాటిని పార్కింగు స్థలం అవతలికి తరలించి అక్కడ దయ్యాల కొంప కట్టారు. అది ఘనవిజయం సాధించింది. జనం అలవాటు కొద్దీ లోపలికి పరుగు పరుగున వెళ్తున్నారు. (భయపడి కొందరు లోపలే పని కానిచ్చేస్తున్నారని పారిశుద్ధ్య శాఖ అంటోంది. అది వేరే శాఖ.)

బామ్మ రావడం మానేసింది. ఆవిడ కోడల్ని అడిగితే, “కూర్చోడానికి చోటే లేనప్పుడు నేనెందుకే, నన్నొదిలెయ్ అంటోందండీ” అని చెప్పింది. ఇద్దరైతే మాటలు సాగలేదు. తగువు తీర్చే మనిషి లేకపోతే తగువులో రుచి ఏముంది? మామగారు మళ్లీ “ఊ”లోకి వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండింది. తిన్నగా అద్దాల తలుపు తోసుకుని వెళ్లాను. ఆనంద ప్రణాళికాధికారి అని ఒక కుర్రాడు ఎంతో మర్యాదగా కుర్చీ చూపించాడు. అంత పార్కులోనూ ఖాళీగా ఉన్న కుర్చీ అదొక్కటే.

“ఒక్క బెంచీ వెయ్యండి బాబూ” అన్నాను.

“బెంచీ ఆకర్షణ కాదండీ. దాని మీద ఎవరూ అరవరు.”

“మా మామగారు అరుస్తారు.”

“అది వేరండీ.”

“పోనీ, మీ రైడ్లేవో ఆ ప్రహరీ పక్కన కట్టుకోండి. అంత జాగా ఖాళీగా పడి ఉందిగా?”

“అక్కడికి ఎవరూ రారు కదండీ.”

“అక్కడ ఏమీ లేదు కాబట్టి రారు.”

“ఎవరూ రారు కాబట్టి ఏమీ కట్టలేం.”

“చూడు నాయనా, ఆయన అక్కడ కూర్చుంది ఆనందం పట్టలేక కాదు, మోకాళ్ల నొప్పి పట్టలేక.”

“నొప్పి పట్టీకి తెలియదండీ” అన్నాడు సానుభూతిగా. “ఎంతసేపున్నారన్నదే తెలుస్తుంది. మీ మామగారి వల్ల మాకు రెండు ఆకర్షణలు వచ్చాయి. ఆయన్ని అలాగే కూర్చుంటూ ఉండమనండి.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడితో వాదించవచ్చు. ఇతను నాలుగో కాలును మర్యాదగా ఒప్పుకుంటూ, దాన్ని లెక్కపెట్టే ఏర్పాటు లేదంటున్నాడు. లేచి వచ్చేశాను.

ఉపాయం డ్రైవర్ తాతకు తట్టింది. “పట్టీ ఉంటేనే గదా వాడికి మనం కనపడేది? ఊడదీసి పిల్లదానికిచ్చేద్దాం. చెక్‌పోస్టుల దగ్గర ఇట్టాంటివి ఎన్ని చూళ్లేదు!”

పోగొట్టుకున్న వస్తువుల గది ముందు పాత సిమెంటు దిమ్మె ఒకటి ఉంది. దేని కోసం కట్టారో ఎవరికీ గుర్తులేదు. ముగ్గురికి సరిపోతుంది. కబురు పంపితే బామ్మ కూడా వచ్చింది. మూడు పట్టీలూ మా అమ్మాయి చేతికి తొడిగాం. అది పార్కంతా చెంగుచెంగున తిరిగింది. తెర మీద దిమ్మె తెల్లగా, కడిగిన పలకలా ఉంది. ఇక్కడ దాని మీద ముగ్గురూ మళ్లీ లారీ గొప్పా బస్సు గొప్పా అని కొట్టుకుంటున్నారు. మామగారికి డెబ్బై దాటిన వయసులో ఒకేరోజు పదకొండుసార్లు రోలర్ కోస్టర్ ఎక్కినందుకు ‘సాహస శిరోమణి’ అని ఫోనుకు అభినందన వచ్చింది. ఆయన దాన్ని బామ్మకు చదివి వినిపించి, చొక్కా కాలరు సర్దుకున్నారు. “కాలరు కుట్టు ఊడింది, ఇలా తే” అంది బామ్మ.

అలా కొన్ని శనివారాలు గడిచాయి. మా ఇంట్లో అంత మంచి రోజులు అత్తగారు పోయాక రాలేదు.

ఒక శనివారం సమ్మెటలు పట్టుకుని పనివాళ్లు వచ్చారు. వాళ్ల సూపర్‌వైజరు దిమ్మె మీద కూర్చున్న ముగ్గురికీ నమస్కారం పెట్టి, దయచేసి లేవమన్నాడు.

“ఎందుకు?” అన్నాను.

“వాడకంలో లేని కట్టడం సార్. ఏడాదిగా దీని మీద ఎవరూ కూర్చోలేదు. కొట్టెయ్యమన్నారు.”

“వీళ్లు ముగ్గురూ కూర్చునే ఉన్నారు కదయ్యా, కళ్ల ముందు!”

అతను ట్యాబ్ తెరిచి చూసి, నాకూ చూపించాడు. “లేదు సార్. వీళ్లిప్పుడు రోలర్ కోస్టర్ మీద ఉన్నారు.”

కూర్చున్నట్టు తెలిస్తే రైడు కడతారు. తెలియకపోతే దిమ్మె కొడతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రెంటి మధ్యా ఉన్న జాగాలో ముగ్గురు ముసలివాళ్లు సంచులు చేతబట్టుకుని నిలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది.

ఇంతలో ఛైర్మన్ గారు విదేశం నుంచి తిరిగొచ్చారు. అక్కడి పార్కుల్లో మనుషులు బెంచీల మీద ఊరికే కూర్చుని ఉండడం ఆయన స్వయంగా చూశారట. చూసి కదిలిపోయారట. వెంటనే ప్రహరీ పక్కన ఖాళీ జాగాలో (ఛైర్మన్ గారు చూసొచ్చినవాటికి పట్టీల లెక్క వర్తించదు) ‘అచ్చమైన బెంచీ’ అనే కొత్త ఆకర్షణ ప్రారంభమైంది. ప్లాస్టిక్ చెట్టు కింద సిమెంటు బెంచీ, పిట్టల కూతలకు స్పీకరు, విడిగా టికెట్టు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. ఊరంతా విరగబడింది. క్యూ పాములా మెలికలు తిరిగి పాత జారుడుబల్ల దాకా వెళ్లింది.

మామగారు వెళ్దామన్నారు. మా ఇంటికొచ్చాక ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే. డ్రైవర్ తాతనూ బామ్మనూ కూడా పిలిచాం. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. గంట గడిచింది, బెంచీ ఇంకా కనుచూపు మేరలో లేదు. బామ్మ తన బరువంతా డ్రైవర్ తాత భుజం మీద వేసింది. మామగారి కాళ్లు వణుకుతుంటే ఇంటికి పోదాం రమ్మన్నాను. “ఇంత దూరం వచ్చాం కదా” అన్నారు. ఇంకో మెలిక తిరిగేసరికి ఆయన మోకాళ్లు మడతపడ్డాయి. రెయిలింగు పట్టుకుని నెమ్మదిగా జారి, అక్కడే నేల మీద చతికిలబడ్డారు.

గార్డు పరుగున వచ్చాడు. మంచివాడే. వంగి, మామగారి చంకల కింద చేతులు వేసి, ఎంతో ఆప్యాయంగా పైకి లేపాడు.

“ఇక్కడ కూర్చోకూడదు తాతగారూ. ఇది కూర్చోడానికి నిలబడే క్యూ.”